చక్రం కింద నిమ్మకాయ

కుడి భుజం పట్టేసిన దగ్గర్నుంచి నేను ఎత్తలేని వస్తువుల్లో మొదటిది నా సైకిలే. తొక్కుతుంటే నొప్పి తెలియదు, ఎత్తితే మాత్రం ప్రాణం పోతుంది. సింగపూర్‌లో మా ఆంగ్ మో కియో ఫ్లాట్ నుంచి కాలువ పక్క దారికి చేరాలంటే రోడ్డు మీది వంతెన మెట్లెక్కి దిగాలి. పాత సైకిలేమో ఇనప ముద్ద. దాన్ని మోయడానికి మా ఆయన్ని నిద్ర లేపాలి. ఆయన లేచి కాఫీ తాగేసరికి ఎండెక్కుతుంది. ఎండెక్కాక "ఇప్పుడెక్కడికే, వచ్చే వారం వెళ్దువుగానిలే" అంటారు.

వారమంతా సైన్స్ పార్కు ఆఫీసులో మీటింగులు, ఇంటికొస్తే వంట, వంటయ్యాక చుట్టాల ఫోన్లు. ఆదివారం పొద్దున ఒక్క గంట ఎవరికీ ఏమీ కాకుండా ఉండాలని నా కోరిక. దానికి కూడా ఒకరిని బతిమాలాలంటే అది నా గంటెలా అవుతుంది?

అందుకే తేలికైన కార్బన్ సైకిలు కొందామనుకున్నాను. కొత్తదాని ధర విని నోరు మూసుకుని, వాడింది వెతికాను. సెరంగూన్‌లో ఒక కాండో అపార్ట్‌మెంట్లో ఉండే అంకుల్ అమ్ముతున్నారు. మలేషియాలో పుట్టిన తెలుగాయన. మోకాళ్లు అరిగి తొక్కడం మానేశారట.

"చూడు మా, కార్బన్ పైకి బాగానే ఉంటది. లోపల పగిలితే కంటికి తెలీదు. తట్టి వినాల," అంటూ జేబులోంచి నాణెం తీసి సైకిలు ఫ్రేము గొట్టం పొడుగునా టక్కుటక్కుమని కొట్టుకుంటూ పోయారు. అంతటా ఒకటే మోత. సంతలో కుండ బేరం గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేనూ తట్టి చూశాను. తర్వాత బాగున్న చేత్తో ఎత్తాను. బియ్యం బస్తా అనుకుని దూదిమూట ఎత్తినట్టు వెనక్కి తూలాను.

"మెల్లగా మా, మెల్లగా!" అన్నారు అంకుల్ నవ్వుతూ. ఎన్నాళ్ల తర్వాతో నాకు చిన్నపిల్లలా సంతోషం వేసింది.

టాక్సీలో ఇంటికి తెచ్చేసరికి మా బ్లాకు కింద, రాతి బల్లల దగ్గర, మా ఆయన పసుపు కుంకుమలతో సిద్ధంగా ఉన్నారు.

"పాతదే కదండీ, పూజెందుకు?"

"పాతదైతే ఏంటే, మనకి కొత్తేగా! పైగా ఎవరో వాడింది. నిమ్మకాయలు తొక్కిస్తే దిష్టి పోద్ది."

లిఫ్టు దగ్గర నిలబడ్డ మా అమ్మాయి సింగపూర్ యాసలో, "నాన్నా, ఇట్స్ నాట్ ఎ కార్ లా," అంది.

పిల్ల చెప్పిందే నిజం. కారు చక్రమైతే నిమ్మకాయని చిదిమేస్తుంది. దీనిది వేలెడు వెడల్పు నున్నటి టైరు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ వాదించడానికీ ఓపిక కావాలి కదా. ఆఫీసుకింత, ఫోన్లకింత, వంటింటికింత పంచగా నా దగ్గర మిగిలింది సున్నా. ఈ తతంగమేదో అయిపోతే పోయి పడుకోవచ్చని, ఆయన చక్రం ముందు నిమ్మకాయ పెట్టగానే ఎక్కాను.

నిమ్మకాయ చితకలేదు, దొర్లింది. నేనొక పక్క, సైకిలొక పక్క. నేను ఆయన కళ్లాపిలా చల్లిన పసుపు నీళ్లలో చతికిలబడ్డాను. సైకిలు వెళ్లి రాతి బల్ల అంచుకి కొట్టుకుంది.

ఆయన పరుగెత్తుకొచ్చారు. పాపం, నిజంగానే హడలిపోయారు. నాకేమీ కాలేదని తేలాక సైకిలు లేపి అటూ ఇటూ తిప్పి చూశారు.

"గీత కూడా పడలేదు చూడు. నీకు తగలాల్సింది దానికి తగిలింది. గండం గడిచిందనుకో."

నేను పర్సులోంచి నాణెం తీశాను. టక్. టక్. టక్. బల్ల తగిలిన చోట మోగలేదు, తడిసిన చెక్కని కొట్టినట్టు బద్ మంది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే.

"లోపల పగిలిందండీ."

"పైకేం కనపడట్లేదుగా!"

"కనపడదు."

ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం కూడా రాలేదు, కోపానికీ ఓపిక కావాలి. వంతెన మెట్లు, కాలువ గాలి, ఆ ఒక్క గంట కళ్ల ముందే పోయాయి. తొక్కితే ఎక్కడ విరుగుతుందో తెలియని సైకిలుని ఎవరు తొక్కుతారు?

"ఇటియ్యి, నేను పైకి తెస్తా," అని ఆయన చెయ్యి చాపారు.

"వద్దు," అన్నాను. ముందే అనాల్సిన మాట.

ఎడమ చేత్తో ఎత్తుకుని లిఫ్టు దాకా నడిచాను. ఎంత తేలిగ్గా ఉందో.