వాసనలు తారుమారైన రోజుల్లో స్మూతీ బౌల్

మా ఆడపడుచు కాకినాడలో ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. శనివారం సాయంత్రం బస్సెక్కి రాజమండ్రిలో మా ఇంటికొస్తుంది. ఆదివారం మాతోపాటు చర్చికి వచ్చి, సోమవారం తెల్లారగానే వెళ్ళిపోతుంది. ఉన్న ఆ ఒక్క పొద్దునా మా ఇంట్లో ఇడ్లీ ముట్టదు. ముందురోజు రాత్రే అరటిపళ్ళు ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టుకుంటుంది. పొద్దున్నే వాటిని మిక్సీలో వేసి, మీగడ పెరుగు కలిపి, ముద్దలా తిప్పి, గిన్నెలోకి తీసుకుని పైన పళ్ళముక్కలూ పప్పులూ చల్లుకుంటుంది. దాన్ని స్మూతీ బౌల్ అంటారట.

మొదటిసారి చూసినప్పుడు మా అత్తయ్యగారు గిన్నెలోకి వంగి, "ఇదేంటే? టిఫినా, ఐస్‌క్రీమా?" అని అడిగారు.

"టిఫినే అమ్మా."

"టిఫినైతే ప్రార్థన చేసుకుని తినాలి. ఐస్‌క్రీమైతే అక్కర్లేదు. అందుకని అడుగుతున్నా."

మా ఆడపడుచు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునే తిన్నది. నేనూ మా ఆయనా వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాం. మా ఇంట్లో తిండంటే నా వంటే. చేపల పులుసు మూత తీయకుండానే ఉప్పు తక్కువైందో లేదో వాసన బట్టి చెప్పేదాన్ని. చర్చిలో విందులకి వండితే స్త్రీల సమాజం వాళ్ళు గుండిగ దింపే ముందు నన్ను పిలిచేవారు. నేను ఒకసారి వాసన చూసి తలూపితేనే దింపేవారు. అలాంటి దాన్ని, అరటిపండు ముద్దని టిఫినని ఎలా ఒప్పుకుంటాను?

ఆ వర్షాకాలం నాకు జలుబూ జ్వరం వచ్చాయి. నాలుగు రోజులు పడుకుని లేచాను. లేచాక, పొయ్యి మీద పాలు పెట్టి పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. అత్తయ్యగారు హాల్లోంచి పరుగులాంటి నడకతో వచ్చి స్టవ్ ఆపేశారు. పాలు ఇగిరి గిన్నె అడుగు నల్లగా మాడిపోయింది. వంటిల్లంతా పొగ. నేను ఆ పొగలోనే నిలబడి ఉన్నాను.

"ఇంత మాడు వాసనొస్తుంటే ఏం చేస్తున్నావమ్మా?"

నాకు ఏ వాసనా రాలేదు. కరివేపాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంగువ డబ్బా మూత తీశాను. ఏమీ లేదు. గోడకి ముక్కు ఆనించినట్టే ఉంది.

జలుబు తగ్గితే అదే వస్తుందిలే అనుకుని అందాజుగా వండుతూ వచ్చాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అది బాగుండి ఏమీ అనకపోవడమో, బాగాలేదని చెప్పలేకపోవడమో తేల్చుకోలేకపోయేదాన్ని. మా ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తారు. క్యారేజీ ఖాళీగానే తెచ్చేవారు. తిన్నారా, ఎవరికైనా పెట్టేశారా అని అడగడానికి భయమేసేది.

కొన్నాళ్ళకి వాసన తిరిగొచ్చింది. కానీ నాది కాని వాసనలు వచ్చాయి. పొద్దున్నే కాఫీ కలిపితే టైరు కాలుతున్నట్టుంది. ఉల్లిపాయలు నూనెలో వేస్తే మురిక్కాలవ మూత తీసినట్టుంది. వేడన్నం ఆవిరి మొహానికి తగిలితే తడిసిన గోనెసంచి. ముందు బియ్యం పాడయ్యాయనుకున్నాను, మండపేట మిల్లు నుంచి తెప్పించిన బస్తా వెనక్కి పంపించేశాను. కొత్త బస్తా వచ్చింది, అదీ అంతే. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి పక్కన కూర్చుంటే తుప్పు వాసన. ఆ మాట ఆయనకెలా చెప్తాను? ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆయన తనవల్ల ఏమైనా తప్పు జరిగిందా అన్నట్టు నా వంక చూసేవారు.

ఒకరోజు ఉల్లిపాయలు వేయించలేక పరుగెత్తి సింకులో వాంతి చేసుకున్నాను. ఆ మధ్యాహ్నం అత్తయ్యగారు తలుపు దగ్గరగా వేసి, నా పక్కన మంచం మీద కూర్చున్నారు.

"ఏమ్మా, నెల తప్పిందా?"

"నాకు నలభై నాలుగండీ అత్తయ్యగారూ!"

"మా పెద్దమ్మకి నలభై ఆరులో పుట్టాడు చిన్నోడు. సిగ్గుపడకు. చూసుకోడానికి నేనున్నాను."

కాదని చెప్పినా ఆవిడ పూర్తిగా నమ్మలేదు. వారం రోజుల పాటు నన్ను బిందె ఎత్తనివ్వలేదు.

చివరికి మా ఆయన ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు గారు లైటు వేసి చూసి, "ముక్కు బాగానే ఉందండి. లోపల నరాలు దెబ్బతిని మళ్ళీ అతుక్కుంటున్నాయి. ఒక వైరు కలవాల్సిన చోట ఇంకో వైరు కలిసిందనుకోండి," అన్నారు.

"ఎప్పటికి సరవుతుందండీ?"

"చెప్పలేమండి. కొందరికి నెలలు, కొందరికి ఏడాది. కొందరికి కొన్ని వాసనలు అలాగే ఉండిపోతాయి."

బయటికొచ్చాక బండి దగ్గర నిలబడి మా ఆయనకి తుప్పు సంగతి చెప్పేశాను. ఆయన చొక్కా కాలరు ఎత్తి వాసన చూసుకున్నారు. "సబ్బు వాసనే వస్తోందే," అన్నారు, దిగులుగా. ఎవరి ముక్కు నిజం చెబుతోందో ఆ క్షణం ఆయనకీ అర్థం కాలేదని నాకనిపించింది.

ఆ శనివారం మా ఆడపడుచు వచ్చింది. నేను చిక్కిపోయానని గుమ్మంలోనే అంది. జరిగిందంతా చెప్పాను.

"వదినా, వేడిగా ఉన్నదాని వాసన పైకి లేస్తుంది. చల్లటిది లేవదు. రేపు నాతోపాటు నా గిన్నె తినండి."

"నాకు రుచే తెలీదు కదా. ఏదైతే ఏంటి?"

"రుచి తెలీకపోతే పోనీండి. పళ్ళకింద కరకరలాడితే తెలుస్తుంది కదా?"

నేను ఇంకో రెండు అరటిపళ్ళు తీసి ముక్కలు కోసిచ్చాను.

మర్నాడు పొద్దున్నే వంటింట్లో నన్ను పక్కన నిలబెట్టి చేసి చూపించింది. చక్కరకేళి పళ్ళు, తొక్క మీద నల్లమచ్చలు బాగా వచ్చినవి, ముక్కలుగా గడ్డకట్టి రాళ్ళలా ఉన్నాయి. వెంటనే మిక్సీలో వేయకుండా కాసేపు బయట ఉంచింది. చట్నీ జారులో వేసి రెండు చెంచాల గడ్డపెరుగు కలిపింది. నీళ్ళు పొయ్యబోతే చెయ్యి పట్టుకుంది. "నీళ్ళు పోస్తే తాగేది అయిపోతుంది వదినా. ఇది తినేది." మిక్సీ ఒక్కసారి తిప్పడం, ఆపడం, మూత తీసి అంచులకి అంటుకున్నది చెంచాతో కిందికి తోయడం, మళ్ళీ తిప్పడం. మొదట ఇసుకలా పొడిపొడిగా ఉన్నది ఉన్నట్టుండి దగ్గరపడి మెత్తటి ముద్దయింది. చెంచా గుచ్చితే పక్కకి వాలకుండా నిలబడింది.

పైన సపోటా ముక్కలు వేసింది. వేయించిన జీడిపప్పు పలుకులు, పచ్చికొబ్బరి కోరు, పిడికెడు మరమరాలు. అంతా చల్లాక ఫోటో తీసుకుంది. నేను ప్రార్థన చేసుకోవాలా వద్దా అనుకుంటూనే కళ్ళు మూసుకున్నాను.

మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు ఏ కంపూ రాలేదు. అదే నాకు తెలిసిన మొదటి విషయం. నాలిక మీద చల్లగా జారింది. తీపి తెలిసింది, కానీ ఏ పండు తీపో తెలియలేదు. జీడిపప్పు విరిగింది. కొబ్బరి నమిలితే పిప్పి తగిలింది. మరమరాలు ముందు కరకరమని, తర్వాత నాని మెత్తబడ్డాయి. గిన్నెంతా తినేశాను. కడుపు నిండింది. కానీ తిన్నట్టుందా లేదా అని అడిగితే చెప్పలేను. అన్నం తినని రోజుని నేను తిన్న రోజుగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

అప్పట్నుంచి రోజూ నేనే చేసుకునేదాన్ని. మొదట్లో తొందరపడి గడ్డలు గడ్డల్లానే వేసి తిప్పేస్తే బ్లేడు గిరగిరా తిరిగేది, ముక్కలు మాత్రం కదిలేవి కావు. ఒకరోజు మిక్సీ కింద నుంచి సన్నగా పొగ వచ్చింది. ఏది మాడు వాసనో నాకు తెలియదు. ఉదయపు మంచేమో, ఫ్రీజరు ఆవిరేమో అని చూస్తూ నిలబడ్డాను. మిక్సీ దానంతటదే ఆగిపోయింది. అడుగున ఎర్రబటన్ నొక్కితే మళ్ళీ పనిచేస్తుందని తర్వాత మా ఆడపడుచు ఫోన్లో చెప్పింది. అత్తయ్యగారు ఆ రోజు నుంచి నేను మిక్సీ వేసినప్పుడల్లా వచ్చి పక్కన నిలబడేవారు. "నువ్వు తిప్పు, నేను వాసన చూస్తా," అనేవారు.

అలా ఉండగా చర్చిలో కోతకాల పండుగ వచ్చింది. కానుకలుగా తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం పాడాక అందరికీ భోజనాలు. కాంపౌండులో షామియానా కింద పెద్ద పెద్ద పొయ్యిలు పెట్టారు. నేను దూరంగా కూర్చుందామనే వెళ్ళాను. నా సంగతి చర్చిలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమని చెప్పాలో కూడా తెలియలేదు. మాంసం కూర గుండిగ దింపే వేళకి అలవాటు ప్రకారం నన్ను పిలిచారు. పదిమంది ఆడవాళ్ళు నా మొహం చూస్తున్నారు. మూత తీశారు. ఆవిరి మొహానికి కొట్టింది.

కుళ్ళు వాసన. రెండడుగులు వెనక్కి వేశాను. "పాడైంది," అన్నాను.

నా ముక్కు మాట నేను నమ్మకూడదని తెలుసు. అయినా ఆ వాసన అంత నిజంగా ఉంది. మాట నోట్లోంచి వచ్చేసింది.

ఒకావిడ గరిటెతో కూర తీసి వాసన చూసి, "బాగానే ఉందే," అంది. ఆవిడ పక్కనున్నావిడ, "కాదండీ, నాకూ ఏదో తేడాగానే ఉంది," అంది. ఇంకొకావిడ మాంసం పొద్దున ఆలస్యంగా వచ్చిందని గుర్తుచేసింది. చూస్తుండగానే నలుగురైదుగురికి కంపు రావడం మొదలైంది. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గుండిగ పక్కకి లాగి పారబోయడానికి మనుషుల్ని పిలవమన్నారు. ఇంతమందికి వస్తోందంటే నిజంగానే పాడైందేమో కదా! నా ముక్కు బాగైపోయిందేమో!

మా ఆడపడుచు జనంలోంచి దారి చేసుకుని వచ్చింది. "ఆగండాగండి. వదినకి జ్వరం వచ్చినప్పట్నుంచి వాసనలు సరిగ్గా తెలియట్లేదు. కాఫీ కూడా కంపు కొడుతుందావిడకి."

అందరూ నా వంక చూశారు. అవునన్నట్టు తలూపాను. కానీ అప్పటికే ఎవరికీ వాళ్ళ ముక్కు మీద నమ్మకం లేదు. కంపు వస్తోందన్నవాళ్ళు ఇప్పుడు రావట్లేదని ఎలా అంటారు?

అప్పుడు పాస్టరమ్మ గారు వచ్చారు. ఆవిడ డెబ్బై దాటిన మనిషి, పాస్టరు గారి భార్యే అయినా ఆయనకి అక్కలా కనిపిస్తారు. ఏం జరిగిందో విని, ఒక ప్లేటు తెమ్మన్నారు. కూర వేయించుకుని, అన్నం కలుపుకుని, అక్కడే కుర్చీలో కూర్చుని నెమ్మదిగా మొత్తం తిన్నారు. వేళ్ళు కడుక్కుని, "ఉప్పు కొంచెం తక్కువైంది. వడ్డించండి," అన్నారు.

వడ్డించారు. అందరూ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను తినలేదు. పాస్టరమ్మ గారు నా పక్కకొచ్చి కూర్చుని, "మరి నువ్వేం తింటున్నావమ్మా?" అని అడిగారు. అరటిపండు, పెరుగు, పైన జీడిపప్పు అని చెప్పాను. ఆవిడ చాలా శ్రద్ధగా విన్నారు. చివర్లో, "పాయసం లాంటిదా?" అన్నారు. కాదన్నాను. "మరి?" అన్నారు. నాకూ తెలీదన్నాను.

తర్వాత ఏడాది మెల్లగా కొన్ని వాసనలు చోటికొచ్చాయి. ముందు నిమ్మకాయ, తర్వాత కొత్తిమీర. మా ఆయన దగ్గర తుప్పు తగ్గి, తగ్గి, ఒకరోజు ఏ వాసనా లేకుండా పోయింది. అదే చెప్తే, "అదేం మంచి కబురు?" అని నవ్వారు. కాఫీ మాత్రం ఇప్పటికీ తాగలేను. వంట మళ్ళీ నేనే చేస్తున్నాను, ఉప్పు సంగతి అత్తయ్యగారు చూస్తారు. విందుల్లో గుండిగల దగ్గరికి ఇప్పుడు నన్నెవరూ పిలవరు. అది మర్యాదో భయమో అడగలేదు.

మొన్న ఎండాకాలంలో పెద్దరసాలు ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టాను. ఆదివారం పొద్దున్న నాకూ మా ఆడపడుచుకీ రెండు గిన్నెలు చేసి, పైన లేత ముంజలు కోసి వేశాను. ఒక చెంచా తినగానే మామిడిపండు రుచి తగిలింది. నిజంగా తగిలిందా, పసుపుపచ్చ రంగు చూసి నా బుర్రే తెచ్చిపెట్టిందా తెలియలేదు. కళ్ళు మూసుకుని ఇంకో చెంచా తిన్నాను. ఉన్నట్టే ఉంది. మూడో చెంచాకి అనుమానం వచ్చింది.

"ఇది రుచో, జ్ఞాపకమో నాకెలా తెలుస్తుంది?" అని మా ఆడపడుచుని అడిగాను.

తను చెంచా నోట్లో పెట్టుకునే ఆలోచించింది. "నాకు మాత్రం ఎలా తెలుస్తుంది వదినా," అంది. "తినండి, కరిగిపోతోంది."