సొరకాయ పట్టా

మా ఇంట్లో అందరికీ పట్టాలున్నాయి. అన్నయ్యది బీకాం, అక్కది బీఎడ్. నాది సొరకాయ. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం కోపం రాదు. వస్తుంది లెండి, అబద్ధమెందుకు. అయినా చెప్పడం ఆపను.

రెండు వేల తొమ్మిదిలో డిగ్రీ మధ్యలో వదిలేసి నారాయణగూడలో ఒక ఏసీ సెలూన్‌లో చేరాను. మేముండేది అశోక్‌నగర్‌లో, కిరాయి ఇంట్లో. నాన్న ఆర్టీసీ కండక్టరు. సంగతి తెలిసిన రోజు ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. "మన ఇంట్ల తాతల కాడికెల్లి ఎవడన్న కత్తెర పట్టిండారా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు. నేనూ తగ్గలేదు. "నలుగురి జుట్టు పెరుగుతనే ఉంటది గద నాయినా" అన్నాను. ఆ తర్వాత చాలాకాలం మా ఇద్దరి మధ్య మాటలు అమ్మ ద్వారానే నడిచాయి.

సెలూన్‌లో జెల్లు రాసి జుట్టు నిలబెట్టడం నేర్పారు, రంగులేయడం నేర్పారు, మిషన్ తిప్పడం నేర్పారు. కొన్నాళ్ళకే నాకంతా వచ్చేసిందనుకున్నాను. అప్పుడొక కస్టమరు కుర్చీలో కూర్చుని, "నువ్వు మంచిగనే చేస్తవ్ గని, చిక్కడపల్లిల ఒక ఉస్తాద్ ఉన్నడు, పోయి చూడు తమ్మీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఉస్తాద్ ఎంతటివాడో చూసి వంకలు పెట్టి రావాలనే వెళ్ళాను.

లైబ్రరీ దాటాక ఒక సందులో రెండు కుర్చీల దుకాణం. ఉస్తాద్ అరవై దాటిన మనిషి, సన్నగా, తెల్ల చొక్కా మీద ఒక్క వెంట్రుక కూడా లేకుండా ఉన్నాడు. మూతి మీద మాత్రం గుబురు తెల్ల మీసం. నేనెవరో అడగలేదు. నా తల చూశాడు.

"గిది ఎవరు కోసిండ్రు?"

"మా సెలూన్ల సీనియర్."

"సుడి చూడలే వాడు."

కుర్చీలో కూర్చోబెట్టి, నడినెత్తిన సుడి ఎటు తిరుగుతుందో వేలితో తడిమి, దువ్వెన అటే పోనిస్తూ నాలుగు కత్తెర్లు వేశాడు. చిన్నప్పటినుంచి కోడిజుట్టులా లేచి నిలబడే నా పిలక, ఎవరో మందలించినట్టు పడుకుంది. ఇంటికెళ్తే అమ్మ "తలకు నూనె పెట్టినవారా?" అని అడిగింది. మర్నాడే మళ్ళీ వెళ్ళి నేర్పమన్నాను.

"మంగళారం రా" అన్నాడు.

మంగళవారం ఊళ్ళో మంగలి దుకాణాలన్నిటికీ సెలవు. షట్టర్ ఎత్తితే సంఘం వాళ్ళు వచ్చి గొడవ పెట్టుకుంటారు. అందుకని ఉస్తాద్ షట్టర్‌ను నడుము దాకా దించి లోపల బడి నడిపేవాడు. వంగి దూరాలి, ఎండాకాలం లోపల ఉడికిపోవాలి. ఆయన చుట్టాల పిల్లలు కొందరు, నాలాంటి బయటివాళ్ళు కొందరు. బయటివాళ్ళకు నేర్పుతున్నందుకు సొంతవాళ్ళే మొహం తిప్పుకున్నారు. "మన చేతిల పని ఊరికి పంచుతున్నవ్" అని ఒక పెద్దమనిషి నా ఎదుటే అన్నాడు. ఉస్తాద్ కోపం తెచ్చుకోలేదు. "పంచితే తరిగిపోతదా అన్నా? పంచకుంటెనే పోతది" అన్నాడు. నేనైతే ఆ పెద్దమనిషి చొక్కా పట్టుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ప్రాణం.

మొదటి పాఠం కత్తెర కాదు, గడ్డం గీసే కత్తి. అదీ సొరకాయ మీద. పొద్దున్నే మార్కెట్‌కెళ్ళి, గోరు గుచ్చితే దిగేంత లేత కాయలు ఏరి తెచ్చేవాడు. లేత సొరకాయకు ఒళ్ళంతా నూగుంటుంది. దానికి సబ్బు నురగ పట్టించి, ఆ నూగు మాత్రమే పోయేలా గీయాలి. తొక్క మీద గీత పడకూడదు. పడినా వెంటనే కనిపించదు. కాసేపు పక్కన పెడితే, గీత పడిన చోటల్లా నీరూరి చుక్కలు చుక్కలుగా నిలబడుతుంది. బుకాయించడానికి వీల్లేదు.

సాయంత్రం ఆ కాయలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళేవాడు. వండేది ఆయన భార్య. ఆమెను మేం చూసింది చాలా తక్కువ. కానీ మరుసటి మంగళవారం ఆమె తీర్పు ఉస్తాద్ నోట వచ్చేది. "మా ఇంటామె చెప్పింది. గుండు కాయ గీసినోనికి తొందరెక్కువట, తొడిమ కాడ వదిలేసిండట. పొడుగు కాయ గీసినోడు మణికట్టు బిగబడుతున్నడట." పొడుగు కాయ నాదే. కత్తిపీట ముందు కూర్చుని తొక్క తీసే మనిషికి నా మణికట్టు ఎలా కనిపించిందిరా దేవుడా అని పరేషాన్ అయ్యాను. మణికట్టు వదులు చేశాను. గీతలు తగ్గాయి.

అది ఉద్యమం నడుస్తున్న కాలం. బంద్ అంటే ఊరంతా షట్టర్లు కిందికే. మాకు మాత్రం బంద్ అంటే వారంలో ఇంకో మంగళవారం. బస్సుల్లేక నాన్న ఇంట్లోనే ఉండేవాడు. నేను చెప్పులేసుకుంటుంటే పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఉస్తాద్ మా చేతులు చూసేవాడు కాదు. బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుని చప్పుడు వినేవాడు. "ఎవడ్రా అది గరగరమంటున్నది? కత్తి జర పండబెట్టు" అనేవాడు. కళ్ళు తెరవకుండానే ఆ చప్పుడు ఎవరిదో పేరు పెట్టి చెప్పేవాడు కూడా. ఏమాటకామాట చెప్పాలి, అంతటి పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మీసం పాఠం ఇంకా గొప్పది. మాలో ఒకడు పెళ్ళికి పోయే మనిషికి మీసం సర్దబోయి, కుడి పక్క ఎక్కువైందని కుడి, ఎడమ ఎక్కువైందని ఎడమ, సమానం చేస్తూ చేస్తూ ఈగంత మిగిల్చాడు. ఆ మనిషి అద్దం చూసుకుని ఏడవడం ఒక్కటే తక్కువ. ఉస్తాద్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. "మనిషి మొఖం రెండు దిక్కుల ఒక్క తీరు ఉండదు. కొలిస్తే ఆగమైతవ్. ఒకసారి నవ్వుమని అడుగు. ఎటు దిక్కు మూతి లేస్తదో చూడు. దాన్ని బట్టి కొయ్యి." చెప్పాడే గానీ, ఆయన మీసం మీద చెయ్యేసే అదృష్టం మాలో ఎవరికీ దక్కలేదు. అద్దం చూసుకుంటూ ఆయనే సర్దుకునేవాడు.

ఒక మంగళవారం నా కాయను అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలో వేసుకోలేదు. నా చేతిలో పెట్టాడు. "మీ అమ్మకియ్యి, వండమను. ఇగ నీకు దీనితోని పని లేదు. మనుషుల మొఖాలు పట్టు." అదే ఆయనిచ్చే పట్టా. సంతకం లేదు, ముద్ర లేదు. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచాను. అమ్మ పాలు పోసి కూర చేసింది. అది ఏ కాయో నాన్నకు తెలుసు. మొదట ముట్టుకోలేదు. కాసేపాగి, అమ్మతో కాదు, నాతోనే, "ఆ కూర జర ఇటు జరుపు" అన్నాడు. గిన్నె మొత్తం ఆయన ముందుకు జరిపాను.

రెండు వేల పదమూడులో అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు మీద గది తీసుకుని నా సొంత దుకాణం పెట్టాను. మంగళవారాలు అక్కడా బడే. ఉస్తాద్ వచ్చి అద్దాలు తన చేత్తోనే తగిలించాడు. సొరకాయ పాఠం యథాతథంగా దించేశాను. ఏడాది తిరగకముందే మా ఇద్దరికీ చెడింది.

చెడింది ఒకామె వల్ల. విద్యానగర్ నుంచి వచ్చేది, కోస్తా వాళ్ళు. కాచిగూడలో బ్యూటీపార్లర్లో ఏళ్ళ తరబడి చేసిన మనిషి. మగవాళ్ళ పని ఎందుకమ్మా అంటే, "ఆడవాళ్ళు అంగుళం తగ్గించమంటారండీ, అంతే. అది కూడా ఎక్కువైందని దెబ్బలాడతారు. మగవాళ్ళ తలలో పనుంది" అంది. చేర్చుకున్నాను. ఆ మాట ఉస్తాద్‌కు చెబితే ఆయన మొహం మారిపోయింది.

"కత్తెర ఇయ్యి, కాదంటలేను. కత్తి ఇయ్యకు. మొగోని గొంతు మీద ఆడామె కత్తి పెడితే ఎవడు కూసుంటడు?"

నా నోరు ఊరుకుంటుందా! "మరి నన్నెందుకు తీస్కున్నరు ఉస్తాద్? మా ఇంట్ల ఎవరు పట్టిండ్రు కత్తి?" అనేశాను. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నెలలు గడిచాయి, నా మెట్లెక్కలేదు. నేను చిక్కడపల్లి వెళ్తే పని గురించి తప్ప మాట్లాడేవాడు కాదు.

ఆమె మాత్రం నేర్చేసుకుంది. కటింగ్ అయితే నాకంటే శుభ్రం. కానీ ఎక్కడికెళ్ళినా కుర్చీ ఇచ్చేవాళ్ళు లేరు. చివరికి నారాయణగూడలో ఒక సెలూన్ యజమాని ఒప్పుకుని ఒక షరతు పెట్టాడు. "గడ్డం గూడ చేస్తెనే కుర్చీ. నా కండ్ల ముందల చెయ్యాలె. కుర్చీల కూసునేది మీ క్లాసు పోరలు గాదు, నువ్వు గాదు, బయటి మనిషి కావాలె." వచ్చే మంగళవారం వస్తానన్నాడు. ఆ సంగతి చిక్కడపల్లి వెళ్ళి ఉస్తాద్ చెవిన కూడా వేశాను, ఆయన దువ్వెనలు కడుక్కుంటూ విన్నాడు. ఆమెకు అదొక్కటే దారి. అది పోతే మళ్ళీ పార్లరే.

రెండు వేల పద్నాలుగు ఎండాకాలం ఆఖరు. యజమాని వచ్చి చాయ్ తాగుతూ కూర్చున్నాడు. మంగళవారాలు ఊరికే కటింగ్ చేస్తామని అశోక్‌నగర్ కోచింగ్ కుర్రాళ్ళు ఎప్పుడూ వస్తారు కదా, ఎవరో ఒకరు కూర్చోకపోతారా అనుకున్నాను. ఒకడు కూర్చున్నాడు. ఆమె కత్తికి కొత్త బ్లేడు ఎక్కించడం అద్దంలో చూసి, "అక్కా, కటింగ్ చెయ్యి చాలు, గడ్డం మా ఇంట్ల మొక్కు ఉన్నది" అని లేచాడు. ఇంకొకడు నురగ పెట్టించుకున్నాక ఫోను మోగకుండానే ఫోను ఎత్తి, మొహం తుడుచుకుంటూ మెట్లు దిగాడు. యజమాని వాచీ చూసుకున్నాడు. "నేను జెప్పలే? అందరు గిట్లనే చేస్తరు" అన్నాడు. ఆమె బ్రష్ కడిగి ఆరబెట్టింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. తల తిప్పితే ఉస్తాద్, చేతిలో గుడ్డసంచి. రెండు రోజుల గడ్డం మాసి ఉంది. ఆయన మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నేను గబగబా కుర్చీ తుడిచి, మెడకు కట్టే గుడ్డ దులిపాను. ఇన్నేళ్ళకు నా చేతికి దొరికాడనుకున్నాను.

"నువ్వు జరుగు. నీ చెయ్యి నాకెరుకే. నువ్వు నేర్పిన చెయ్యి చూస్తందుకు వచ్చిన." ఆమె వైపు తిరిగి, "భయమైతుందా బిడ్డా?" అన్నాడు.

"అవుతోందండీ."

"మంచిదే. భయం లేనోని ముందు నేను కూసోను."

కూర్చుని తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. నాకు తెలుసు, వింటున్నాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. గొంతు మీద కత్తి నడిచింది. గరగర లేదు. గడ్డం అయిపోయి పటిక రాస్తుంటే, కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"మీసం గూడ సర్దు."

మాలో ఎవరికీ దక్కని మీసం అది. ఆమె కత్తెర దగ్గరికి తీసుకెళ్ళి, ఆపింది.

"ఒక్కసారి నవ్వండి ఉస్తాద్ గారూ."

ఆయన కళ్ళు తెరిచాడు. ఆమెను కాదు, అద్దంలో నన్ను చూశాడు. చూసి నవ్వాడు. ఎడమ మూతి కొంచెం పైకి లేచింది. ఆమె ఆ పక్కన వెంట్రుకవాసి ఎక్కువ ఉంచి కోసింది. యజమాని చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఎల్లుండి నుంచి రామ్మా" అన్నాడు.

ఉస్తాద్ లేచి మొహం తడుముకున్నాడు. నాతో అన్నాడు. "ఆ రోజు నీ మీద కోపంతోని ఇంటికి పోయి చెప్పిన, చూడు, ఆడామె చేతికి కత్తి ఇచ్చిండని. మా ఇంటామె ఏమన్నదో ఎరుకనా? 'ఇన్నేండ్లు నీ పోరల తప్పులన్ని నేనే పట్టిచ్చిన, మరి నాకు కత్తి ఎందుకియ్యలే' అన్నది. జవాబు ఎతికిన, ఎతికిన. దొరకలేదురా."

సంచిలోంచి ఒక సొరకాయ తీసి, ఆమె చేతుల్లో పెట్టాడు. దాని మీద నూగు లేదు. నున్నగా ఉంది.

"వండుకో బిడ్డా, నీకే పంపింది. నిన్న మా ఇంటామె గీసింది, నా కత్తితోని. మొదటిసారి పట్టింది." తర్వాత నావైపు చూశాడు. "తిప్పి చూడు, నువ్వు గూడ ఉస్తాద్‌వే గద."

నేను ఆ కాయను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండు చేతులా తిప్పి తిప్పి చూశాను. రాత్రంతా గడిచినా ఎక్కడా ఒక్క నీటిచుక్క ఊరలేదు.