ముత్తంగి దాటితే మోగని ఫోను

అవి సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. పటాన్‌చెరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె ఒళ్లో, ఇళ్లల్లో బల్ల మీద ఉండే పెద్ద ఫోను చూసి బిత్తరపోయాను.

“వైరు తెంపుకొచ్చినవా ఏంది?”

“దీనికి వైరుండదు పెద్దమ్మా. సిమ్ముతోటి నడుస్తది.”

“ఆ సిమ్మేదో చిన్న సెల్లుల ఏస్కోరాదు? గింత బరువు మోసుడెందుకు?”

“ఏసి చూసిన. కంపెనీవాళ్లు దీంట్లనే నడిచేటట్టు బందోబస్తు చేసిండ్రు.”

లారీ నడిపే భర్త నుంచి ఎనిమిది రోజులుగా కబురు లేదట. అతనికి కంఠతా వచ్చిన నంబరు ఇదొక్కటే. సంగారెడ్డి ఠాణాలో చెప్పడానికి బయల్దేరింది.

ముత్తంగి దాటగానే ఫోను మీది పచ్చ దీపం ఆరిపోయింది.

“మా టవరు దాటితే మోగదన్నరు, నిజమే! ఆపుండ్రి!” అని ఆమె అరిచిన అరుపుకు డ్రైవరు బ్రేకు తొక్కాడు. భర్త ఫొటో, తన ఫోను నంబరు రాసిన చీటీ నా చేతిలో కుక్కింది.

“ఠాణాల ఇయ్యి పెద్దమ్మా. ఆయన ఇప్పుడే ఫోన్ చేస్తే ఎట్ల?” అంటూ దిగి, వచ్చిన దారినే పరుగెత్తింది. టికెట్టు సంగారెడ్డి దాకా తీసుకున్న మనిషి!

బుద్ధెరిగి ఠాణా మెట్లెక్కనిదాన్ని, ఆ రోజు ఎక్కాను. హెడ్డు కానిస్టేబులు ఇంకేవో వివరాలు కావాలని ఆ నంబరుకు ఫోన్ చేశాడు. ఒక్కసారి మోగిందో లేదో, అవతలి గొంతు నాకూ వినపడింది.

“యాడున్నవయ్యా?”

అతను రిసీవరు నా వైపు చాపాడు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను.