ఫ్లైఓవర్ మీద సూర్యకుమారి

సూర్యకుమారి బయల్దేరుతోందని వినగానే స్కాట్లాండ్ కొండలు జానెడు కుంగాయట. సూరత్ పక్కనున్న హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరైన ఆమె ఆ కొండల మీదుగా, సరస్సుల వెంట రెండు వారాలు నడవాలనుకుంది. మోకాళ్ల నొప్పులని భర్త వీరరాఘవులు తప్పుకుంటే, ఒంటరిగానే వెళ్తానంది. పెనంలా చదునైన సూరత్‌లో కొండ దొరక్క, రోజూ బియ్యం మూట వీపున కట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కి దిగుతుంది. ఇవాళ కుండపోత వానకు బైకులవాళ్లంతా దాని కిందికి దూరారు. ఆమె మాత్రం పైనే నడుస్తోంది. వీరరాఘవులు పక్కన కారు ఆపి, "ఎక్కవే, జ్వరమొస్తుంది" అన్నాడు.

"అక్కడ వానొస్తే ఇలాగే వస్తారా?" అంటూ ఆమె టోపీ అంచు మీది నీళ్లు విదిల్చి సాగిపోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ ఎరగని మనిషిని చూస్తున్నట్టు, ఆయన నెమ్మదిగా ఆమె వెంట కారు పోనిచ్చాడు.

"నీకసలు భయమన్నదే లేదు."

"ఉందండీ. టికెట్ కొనేశాను, అందుకని నడుస్తున్నాను."