రెండో ఏట పోసిన ఒడిబియ్యం

పొద్దుటి నుంచి నా రెండు చేతులూ పచ్చగా ఉన్నాయి. పెద్ద పళ్లెంలో బియ్యం పోసుకుని, పసుపూ కాస్త నెయ్యీ వేసి కలుపుతుంటే ఫోను మోగుతూనే ఉంది. మోచేత్తో నొక్కి మాట్లాడాల్సి వస్తోంది. ఎత్తినప్పుడల్లా మా ఆడబిడ్డే. చీర అంచు ఎర్రగానే వచ్చిందా అని ఒకసారి, ఒడిలో పెట్టే ఎండుకొబ్బరి కుడుకలు చిన్నవి తెచ్చామేమోనన్న అనుమానంతో ఒకసారి, ఖర్జూరాలు గింజ ఉన్నవే కావాలని చెప్పడానికి మరోసారి. నేను సరే అనేలోపు పెట్టేస్తుంది. రేపు ఆమెకు మా ఇంట్లో ఒడిబియ్యం. ఈ చేతుల మీదుగా ఎన్నో శుభకార్యాలు జరిగాయి గానీ, ఇంత సంబరం, ఇంత కంగారు నాకెప్పుడూ లేవు. పొయ్యి మీద పాలు పొంగి సగం నేలపాలయ్యాయి. మా ఆయనను వక్కలకని గద్వాల బజారుకు పంపిస్తే తమలపాకులు తెచ్చి, వక్కలు మరిచిపోయి, మళ్లీ నవ్వుకుంటూ బండి తీశాడు.

మా ఆడబిడ్డ అంటే మా ఆయనకు అక్క. నేను వదినె అని పిలుస్తాను. నాకు మనవలు పుట్టినా ఆమె మాత్రం నన్ను పిల్లా అనే పిలుస్తుంది. ధరూర్ పక్క ఊరికి ఇచ్చారు. మా అత్తమామలు పోయాక ఆమెకు పుట్టిల్లంటే మేమే. ఇంటి ఆడపిల్లను పిలిచి, భర్తతో పాటు పీట మీద కూర్చోబెట్టి, ముత్తైదువలందరం దోసిళ్లతో పసుపు బియ్యం ఒడిలో పోస్తాం. ఆ బియ్యం ఆమె అత్తగారింటికి మోసుకెళ్లి, వండి, నలుగురికీ పెట్టుకుంటుంది. కొందరు మూడేళ్లకోసారి పోస్తారు, మా ఇంట్లో ఐదేళ్లకోసారి. సరిసంఖ్య ఏట మాత్రం ఎవ్వరూ పోయరు. ఈ సంగతి మా వైపు చిన్నపిల్లకైనా తెలుసు. అలాంటిది, మేము ఆమెకు రెండో ఏట పోశాం. అదీ ఆమెకు తెలియకూడని విషయం దాచిపెట్టుకుని పోశాం. అంత తెలివైనవాళ్లం మేము.

అది మూడేళ్ల కిందటి మాట. ఆమెకు కడుపు ఉబ్బినట్టుగా ఉండేది. గ్యాస్ అనుకుని సోడాలు తాగింది, వాము నమిలింది, పత్తి చేనుకు పోయి వచ్చింది. ఆమెకు ఆ చేనంటే ప్రాణం. వాళ్లది విత్తనాల పత్తి, క్రాసింగ్ పని. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం గిల్లి, మగ పొడి ఉన్న భాగాన్ని గోటితో తీసేసి, తెల్లారాక మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. సాయంత్రం ఒక పని, పొద్దున ఒక పని. ఏది తప్పినా మొగ్గ దండగే. ఆ రోజుల్లో ఆమె ఏ పెళ్లికి వచ్చినా మధ్యాహ్నం భోజనం కాగానే కొంగు దోపుకుని ఆటో ఎక్కేది. అలాంటి మనిషి ఒక సాయంత్రం చేను గట్టు మీద కూలబడిపోయిందని ఫోను వచ్చింది. గద్వాలలో స్కానింగ్, అక్కడి నుంచి హైదరాబాద్. క్యాన్సర్ అని, అండాశయంలో మొదలై కాలేయం దాకా పాకిందని, పూర్తిగా తీసేసేది కాదని, మందులతో ఆపుతూ పోవాలని డాక్టరు చెప్పాడు. ఎంతకాలమని అడిగితే తనకూ తెలియదన్నాడు.

ఆమెకు చెప్పొద్దని మా ఆయన, ఆమె భర్త కలిసి దవాఖాన మెట్ల మీదే తీర్మానం చేశారు. ఆమె భర్తను నేను అన్నయ్య అంటాను. చిన్న గడ్డ ఉంది, మందులకు కరిగిపోతుందని ఆమెకు చెప్పారు. ఆ రోజు నుంచి మా ఇల్లు నాటకాల కంపెనీ అయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అక్కతో కీచులాడిన మా ఆయన, ఆమె ఏమన్నా అవునక్కా అనడం మొదలుపెట్టాడు. తన పళ్లెం తాను తీయని మనిషి దానిమ్మలు ఒలిచి గిన్నెలో పోసి ఆమె ముందు పెట్టాడు. ఆమె గింజ నోట్లో వేసుకుంటూ తమ్ముడిని ఎగాదిగా చూసేది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని మా ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఏడ్చేశాడు. శ్రావణం వస్తోంది కదా, అక్కకు ఒడిబియ్యం పోసేద్దామన్నాడు. ఇంకా మూడేళ్లుంది, ఇది రెండో ఏడు అన్నాను. ఐదో ఏడుకు ఒడి పట్టేందుకు అక్క ఉండకపోతే ఎట్లా, అమ్మకు ఏమని జవాబు చెప్పాలి అన్నాడు. ఆ మాటకు నేనూ ఒప్పుకున్నాను. ఇంటికి ఏదో దోషం ఉందని, ఆడపిల్ల ఒడి నింపితే పోతుందని గుడి అయ్యగారు చెప్పాడని ఒక అబద్ధం అల్లి ఫోను చేశాం. ఏం దోషమని కూడా ఆమె అడగలేదు. సరేనంది.

ఆ రోజు ఆమె పోయినసారి మేం పెట్టిన చీరే కట్టుకుని వచ్చింది. మనిషి చిక్కింది, చీర నిలవడం లేదు. పీట మీద దంపతులు కూర్చున్నారు. వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ చేరారు. నేను దోసిలి నిండా బియ్యం తీసి వంగాను. ఆమె ఒడి పట్టలేదు. నా మణికట్టు పట్టుకుంది. బియ్యం వేళ్ల సందుల్లోంచి ఇద్దరి మధ్యా జారుతోంది.

"పిల్లా, రెండో ఏడు ఒడిబియ్యం పోస్తున్నరంటే, ఐదో ఏడుకు నేనుండననే గద?" అంది.

అయ్యగారు చెప్పాడన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నేను ఏడ్చాను. అంతే, అదే జవాబు. ఆమె నా భుజం మీద తల పెట్టి, మా అత్తగారు పోయిననాడు ఏడ్చినట్టు ఏడ్చింది. నలుగురున్నారన్న సంగతి ఇద్దరికీ లేదు. ఎంతసేపటికో ముఖం తుడుచుకుని, మొత్తం చెప్పమంది. మా ఆయన నేల మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, డాక్టరు చెప్పిందంతా ఒక్క ముక్క మిగల్చకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ఒడిలో పడ్డ నాలుగు గింజలను వేలితో అటూ ఇటూ జరుపుతూ విన్నది.

"ఎన్నొద్దులుంటనంట?" అని భర్తను అడిగింది.

"డాక్టరుకు గూడ తెల్వదంట," అన్నాడు అన్నయ్య.

"డాక్టరుకే తెల్వకుంటే, ఐదో ఏడుకు ఉండనని మీకెట్ల తెల్సిందిరా?" అని తమ్ముడి వైపు తిరిగింది.

మా ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచి వింత చప్పుడొచ్చింది. అది విని ముందు ఆమెకే నవ్వొచ్చింది. తర్వాత గదంతా నవ్వారు, కళ్లు తుడుచుకుంటూనే. ఆమె కొంగు సవరించుకుని ఒడి పట్టింది. తీసిన బియ్యం తిరిగి బస్తాలో పోసుకోలేరు కాబట్టి పోయమంది. కానీ ఇది లెక్కలోకి రాదని, ఇది ఉత్తగనే పోసిందని, తన ఐదో ఏడుది తనకు ఉండనే ఉందని, అప్పుడు కుడుకలు ఇంత చిన్నవి పెడితే ఊరుకోనని అందరి ముందూ చెప్పింది. ఆ సాయంత్రం పసుపంటిన చీరతోనే చేనుకు పోయి మొగ్గలు గిల్లిందని, తెల్లారి పువ్వు రుద్దడానికీ తానే పోయిందని అన్నయ్య ఫోనులో చెప్పాడు. ఆ గొంతులో దిగులుందో గర్వముందో నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆమె ధైర్యంగా ఉండిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మధ్యాహ్నాలు ఫోను చేసి, "భయమైతుంది పిల్లా, ఊకెనే ఏదో ఒకటి మాట్లాడు," అనేది. నేను ఆ పూట ఏం కూర వండానో, పక్కింట్లో ఎవరు ఎవరితో పోట్లాడారో చెబుతూ పోయేదాన్ని. కొన్నిసార్లు దేవుణ్ని తిట్టేది, మధ్యలో మమ్మల్నీ తిట్టేది. జుట్టు ఊడినప్పుడు అద్దం గోడకు తిప్పి పెట్టింది. అయితే నిజం తెలిశాక దాచుకోవడం మానేసింది. హైదరాబాద్ బస్సులో పక్కసీటు వాళ్లకు సైతం తన రోగం, మందుల పేర్లు, మా ఒడిబియ్యం తెలివి అన్నీ చెప్పేది. దిగేటప్పటికి ఎవరో ఒకరు ఆమె సంచి మోసేవారు. ఐదో ఏడు అన్న మాట మాత్రం వదల్లేదు. మందు ఎక్కించుకుంటూ చీర రంగు మార్చేది. మొదట నెమలిపింఛం రంగు, తర్వాత కనకాంబరం, చివరికి ఆవపువ్వు రంగు మీద గోపురాల వరసలాంటి ఎర్ర కోటకొమ్ము అంచు దగ్గర ఆగింది.

పోయిన చలికాలం ఇక ఆమె ఊపిరి ఆగిపోతుందనే అనుకున్నాం. గంజి కూడా లోపల నిలవలేదు. నేను ధరూర్ వైపు వెళ్లి ఆమె మంచం పక్కనే ఉండిపోయాను. ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుని, చీర నేయించడానికి చెప్పమంది. ఇప్పుడే ఎందుకు వదినె అంటే, నేసేటాయనకు టైం పడతది గదా అంది, నాకేదో పని నేర్పుతున్నట్టు. ఆమె చూడకుండా వంటింట్లోకి పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని, గద్వాల మగ్గాల ఆయనకు ఫోను చేసి చెప్పాను. తర్వాత మందు మార్చారు. మెల్లగా ముద్ద దిగింది. రోగం పోలేదు, లోపలే ఉంది. ఈ మందు పని చేసినన్నాళ్లు ఇది, ఆ తర్వాత ఇంకోటి చూద్దామన్నాడు డాక్టరు. చీర మాత్రం వచ్చింది. ఇదిగో, బీరువాలోంచి తీసి మంచం మీద పరిచి, దారిన పోయేవాళ్లందరినీ పిలిచి చూపిస్తున్నాను.

ఇప్పుడే మళ్లీ ఫోను మోగింది. వక్కలు తెచ్చిన మా ఆయన ఉత్సాహం పట్టలేక తానే అందుకుని, అక్కా, దీని తర్వాతది మూడేళ్లకే పెట్టుకుందామా, ఐదేళ్లకా అని అడిగాడు. అడిగాక నాలుక కరుచుకున్నాడు. ఆమె గొంతు నాకు ఇక్కడిదాకా వినిపించింది.

"ముందుగాల రేపటిది కానియ్యిరా. నీకు ఎప్పుడు జూసినా తొందరనే."

మా ఆయన ఫోను పట్టుకుని అలాగే నిలబడి నవ్వుతున్నాడు, కళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టాను. ఐదో ఏడు ఇంత దగ్గరగా, ఇంత పచ్చగా, నా చేతులకే అంటుకుని వస్తుందని ఆ రోజు ఎవరం అనుకున్నాం.