బెల్టు లేని గోడ

తుపాను వెలిసిన పొద్దున లూర్దుమేరి తన తల్లి శవాన్ని ఇటుకల కింద నుంచి తన చేతులతోనే లాగి తీసింది. మధ్యాహ్నానికల్లా కూలిన ఆ ఇంటి గోడ కట్టిన అరుముగం మేస్త్రీని ఎన్నూరులో లారీల రోడ్డు మీద, టీకొట్టు దగ్గర పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ కట్టుబడి పనుల్లో ఇటుకలు మోసి కాయలు కాచిన చేతులు ఆమెవి. మొదటి దెబ్బకే అతని పెదవి చిట్లింది. కింద పడ్డాక కూడా ఆమె వదల్లేదు, రొమ్ము మీద కూర్చుని కొట్టింది.

"మా అమ్మను సంపేస్తివి గదరా."

జనం ఆమెను పక్కకు లాగేశాక అరుముగం నెత్తురు ఉమ్మి, "మా నాయన ఇట్లానే కట్టినాడు, నేనూ ఇట్లానే కడతా ఉండా. వేరే మాదిరి నాకు ఎవురు నేర్పించినారు?" అన్నాడు.

ఆ మాటతో ఆమె కోపం ఇంకా మండింది. ఎందుకంటే అది అబద్ధం కాదు. ఆ వరసలో కూలిన ఇళ్లన్నీ అట్లా కట్టినవే, వాటికి తట్టలు మోసిన వాళ్లలో తనూ ఉంది.

వాషర్‌మెన్‌పేట్‌లో ఒక పాత గోడౌన్‌లో వినోదిని అనే ఇంజనీరు మేస్త్రీలకూ, కొత్త ఇంజనీర్లకూ గాలివానకు నిలిచే ఇళ్లు కట్టడం నేర్పుతోందని విని లూర్దుమేరి అక్కడ చేరింది. అరుముగాన్నీ చొక్కా పట్టి లాక్కుపోయింది.

"రాకపోతే ఆ రెండో పెదివి గూడా పగలగొడతా."

మొదటి వారమే వినోదిని ఊగే బల్ల మీద రెండు చిన్న ఇటుక గదులు కట్టించింది. ఒకదానికి కిటికీల పైన నాలుగు గోడలనూ చుట్టి పట్టే కాంక్రీటు బెల్టు పోయించింది, రెండోదానికి లేదు. బల్ల ఊపగానే బెల్టు లేని గది గోడ విడిపోయి బోర్లా పడింది. లూర్దుమేరి వంగి, పడిన ఇటుకలను ఒక్కొక్కటీ ఎత్తి పక్కన పెట్టింది. అరుముగం బెల్టు ఉన్న గది మూలలను చేత్తో తడిమి చూశాడు.

ఏడాది తిరిగేసరికి ఆమె తాపీ పట్టింది. కూలిన వరసలోనే కొత్త ఇళ్లు లేస్తున్నాయి, పని కాంట్రాక్టరు దేవరాజులుది. ఒకనాడు బెల్టు పోయడానికి బిగించిన చెక్క పలకలు విప్పుతుంటే అరుముగం ఆమెను పిలిచాడు.

"మూలల్లో కాంక్రీటు పట్టక ఇనప కంబి బయటికి కనబడతా ఉండాది, అదీ ముక్కలు ముక్కలుగా. ఒకదానికొకటి కట్టనే లేదు."

ఆ ఇళ్ల పని తనిఖీ కూడా చూస్తున్న వినోదిని వచ్చి చూసింది. ఎర్ర రంగుతో బెల్టు మీద అడ్డగీత గీసి, "పగలగొట్టండి. జవాబు నేను చెబుతాను," అంది. దేవరాజులు నవ్వి, ఫోన్ తీశాడు.

వాళ్లు సమ్మెట్లు ఎత్తారు. నాలుగు మూలలూ రాలేలోపు వ్యాన్‌లో నుంచి దేవరాజులు మనుషులు దిగారు, చేతుల్లో అవే కంబీలు. ఒకడు వినోదినిని జుట్టు పట్టి ఇసక మీదికి ఈడ్చాడు. లూర్దుమేరి వాడి మోకాలి మీద సమ్మెట దించింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది, అయినా జాలి కలగలేదు. అంతలో వెనక నుంచి ఆమె తల మీదికి కంబి లేచింది. అరుముగం చెయ్యి అడ్డం పెట్టాడు. మోచెయ్యి రెండో వైపుకు వంగిపోయింది. మళ్లీ కొట్టారు, మళ్లీ అదే చేతి మీద.

కేసులు రెండు వైపులా పడ్డాయి. లూర్దుమేరి కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చింది. తానే పగలగొట్టించానని వినోదిని రాసిచ్చింది. దేవరాజులును పనిలో నుంచి తీసేశారు. బెల్టు మళ్లీ పోశారు, మూలల కంబీలు లూర్దుమేరి స్వయంగా కట్టింది. అరుముగం చెయ్యి మాత్రం సరి కాలేదు. తాపీ పట్టలేక గోడౌన్‌లో పాఠం చెప్పడానికి కుదిరాడు.

తర్వాతి కార్తిక మాసంలో గాలివాన మళ్లీ కొట్టింది. నీళ్లు ఇళ్లలో మోకాలి దాకా వచ్చాయి, గోడ ఒక్కటీ కదల్లేదు. నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ అరుముగం ఆ వరసంతా చూసుకుంటూ లూర్దుమేరి గడప దాకా వచ్చాడు. ఆమె లోపలికి రమ్మనలేదు.

"మేస్త్రీ, నిన్ను నేను ఇంకా క్షమించలా."

"తెలుసు."

"రేపు పొద్దున్నే గోడౌన్‌కు బెరీన రా. కొత్తోళ్లు చేరతా ఉండారు, కంబి వంచేది నువ్వే సూపించాల."

అతను తల ఊపి, వంకర చేతిని రెండో చేత్తో పట్టుకుని, తర్వాతి ఇంటి మూల చూడడానికి వెళ్లాడు.