ఇస్తానన్న ఫోను వద్దన్న చెయ్యి

నా ఫోను పగలడానికి అరక్షణం పట్టింది. దానికి ఇన్సూరెన్సు రాకుండా చేసుకోవడానికి మాత్రం నలభై నిమిషాలు చెమటోడ్చాను. ఇస్తానని వెంటపడుతున్న మనిషి చేత ఇవ్వనని అనిపించడం మీరనుకున్నంత తేలిక కాదు. అందుకు గొప్ప వంశంలో పుట్టి ఉండాలి.

మాది ఒకప్పుడు దివాణం. ముత్తాతగారి రోజుల్లో దసరాకు పద్దెనిమిది కత్తులు పూజకు కూర్చునేవట. తాతగారి నాటికి మూడు. నాన్నగారి నాటికి కూరలు తరిగే కత్తిపీట ఒక్కటే మిగిలితే, ఆయన తలపాగా చుట్టుకుని దానికే గంధం పూసేవారు. చింత చచ్చినా పులుపు చావదంటారు. మా చింత చచ్చింది, కలప కూడా అమ్ముడుపోయింది. పులుపు మాత్రం వర్క్ పర్మిట్ తీసుకుని నాతోపాటు కెనడాలోని మిల్టన్ వచ్చేసింది.

నాలుగేళ్ళ కిందట, దసరా శుక్రవారం వచ్చింది. నేనూ తలపాగా చుట్టుకుని మా టౌన్‌హౌస్ గరాజ్‌లో ఆయుధపూజ పెట్టాను. ఆయుధాలంటే ఏమున్నాయి? కారు తాళాలు, ఆఫీసు ల్యాప్‌టాప్, కొత్త ఫోను. ఫోనుకు కుంకుమ బొట్టు పెట్టి పీట నడుమ పడుకోబెట్టాను. కొబ్బరికాయ కొట్టడానికి పక్కనే ఒక ఇటుక పెట్టాను. నా భార్య రాధిక ఫోను కాస్త అవతలికి జరపమంది.

"మా వంశంలో కొబ్బరికాయ రెండో దెబ్బ అడగదు," అన్నాను.

నిజంగానే అడగలేదు. మొదటి దెబ్బకే తడిచేతిలోంచి జారి, ఇటుక అంచుకు తగిలి, ఎగిరి వెళ్ళి ఫోను మీద కూర్చుంది. కాయకు బీట కూడా పడలేదు. ఫోను మాత్రం పంచిపెట్టడానికి వీలుగా ముక్కలైంది.

అది వట్టి ఫోనే అయితే ఇంత కథ లేదు. అప్పుడు నాది కాంట్రాక్టు ఉద్యోగం, చేరి రెండు నెలలే, ఇంకా ప్రొబేషన్. ఇంటినుంచి పని మొదలుపెట్టాలంటే ఆ ఫోనులో వచ్చే ఆరంకెల కోడ్ కొట్టాలి. సోమవారం తొమ్మిదికి లాగిన్ కాకపోతే మేనేజరు ఏమనుకుంటాడో, ఏం చేస్తాడో. ఇన్సూరెన్సు ఉంది కాబట్టి ఊపిరి ఆడింది. వాళ్ళు ఆ రోజు ఒప్పుకుంటే మర్నాటికల్లా వేరే ఫోను గుమ్మంలో ఉంటుంది.

రాధిక ఫోను తీసుకుని వాళ్ళకు కాల్ చేశాను. లైన్లో సంగీతం మోగుతున్నంతసేపూ గరాజ్ నుంచి వంటింటికి, వంటింటి నుంచి మెట్లదాకా తిరుగుతూనే ఉన్నాను. కాలుగాలిన పిల్లి అంటారు కదా, నేను తలపాగా చుట్టుకున్న కాలుగాలిన పిల్లిని.

రాధిక నా వెనకే నడిచింది. "ఏమండీ, ఉన్నమాట చెప్పండి చాలు. చెయ్యి జారిందని."

"జారిందని నా నోటితో నేను చెప్పుకోవాలా? గౌరవంగా ఉంటుందా?"

"సోమవారం గౌరవంతో లాగిన్ అవుతారా మరి?"

ఇంతలో లైన్లోకి ఒకమ్మాయి వచ్చింది. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే, నేను తెలుగు చేసి చెబుతున్నాను. ఫోను ఎలా పగిలిందని అడిగింది. నేను ముత్తాతగారి దగ్గర మొదలుపెట్టి కత్తులమీదుగా ఇటుకదాకా రావడానికి పావుగంట పట్టింది. పాపం, ఓపిగ్గా వింది.

"అంటే కాయ అనుకోకుండా ఫోను మీద పడిందన్నమాట," అంది. చూశారా, తలుపు తనే తెరిచి పట్టుకుంది. నేను లోపలికి వెళ్ళలేదు. మా పూజలో ఏదీ అనుకోకుండా జరగదని చెప్పాను.

పోనీ చెయ్యేమైనా తడిగా ఉందా, పట్టు తప్పిందా అని ఇంకో తలుపు తెరిచింది. నా పట్టు తప్పదన్నాను. రాధిక సరుకుల చీటీ వెనక 'జారింది' అని పెద్దక్షరాలతో రాసి నా ముక్కు ముందు పెట్టింది. నేను గోడవైపు తిరిగాను.

ఆ అమ్మాయి నెమ్మదిగా, చంటిపిల్లాడికి అన్నం ముద్ద పెడుతున్నట్టు చెప్పింది: "సర్, ఈ పాలసీ ప్రమాదాలకే పనికొస్తుంది. కొంచెం ఆలోచించి చెప్పండి. అది ప్రమాదమా, కావాలని కొట్టారా?"

ఆలోచించాను. ఇరవై గదుల దివాణం నా వెన్నులోకి వచ్చి నిటారుగా నిలబడింది.

"కావాలనే కొట్టాను."

కీబోర్డు టకటకలాడింది. క్లెయిమ్ కుదరదని చెప్పి, పండగ శుభాకాంక్షలు కూడా చెప్పి పెట్టేసింది. రాధిక చీటీ మడిచి, "దివాణం నిలబడింది. ఇక మీ ఉద్యోగం సంగతి చూడండి," అంది.

శని, ఆదివారాలు కూర్చున్నచోట కూర్చోలేదు. మేనేజరుకు చెప్పాల్సిన వాక్యాలు పద్దెనిమిది రకాలుగా అల్లాను. సోమవారం ఎనిమిదిన్నరకు రాధిక ఫోనునుంచి కాల్ చేసి, నా ఫోను పనిచెయ్యడం లేదన్నాను. ఆయన, "ఫోనుకేమైంది?" అనడం పూర్తికాకముందే నా నోట్లోంచి ఊడిపడింది: "చెయ్యి జారింది సర్. తప్పంతా నాదే. నా చెయ్యి ఎప్పుడూ అంతే."

ఆయన నవ్వి, ఎవరికైనా జరిగేదేగా అన్నాడు. కొత్త ఫోను కొనేదాకా కోడ్ మా ఆవిడ ఫోనుకు వచ్చేలా మార్పించాడు. ఉద్యోగం దక్కింది. నేను వెనక్కి తిరిగేసరికి రాధిక కాఫీ కప్పు పట్టుకుని నన్నే చూస్తోంది. అంతా వింది.

ఆ తర్వాత మూడు వారాలు, రోజూ తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు, వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి.

"కోడ్ వచ్చిందా రాధికా?"

"వచ్చింది. ముందు ఆ ముక్క అనండి."

"చెయ్యి జారింది."

"వినపడలేదు."

మళ్ళీ అనేవాణ్ణి. అప్పుడు ఆరంకెలు దయచేసేది.

అందుచేత మా వంశంలో పుట్టినవాళ్ళ తరఫున, పుట్టబోయేవాళ్ళ తరఫున ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏం పగిలినా, ఎవరడిగినా, నిజం మొదటి రోజే, మొదటి మనిషికే, ఒక్కసారే చెబుతాను. ఆలస్యంగా చెబితే రోజూ చెప్పాల్సి వస్తుంది.